ఫోటోలో పడని ఈగ

కళ్ళు మూసుకోమన్నారు కాబట్టి అంబిక మూసుకుంది. నర్సు రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, చేతిలో ఇంత దూది పెట్టి, కారితే అద్దుకో, నలపకు, కనుపాప బాగా తెరుచుకునే దాకా కదలకుండా కూర్చో అని కన్నడంలో చెప్పి పక్క కుర్చీకి జరిగింది. కుడి కంట్లో ఎందుకు వేసినట్టు, అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు, ఆ కన్ను పుట్టు మెల్ల, దానికి వెలుగూ మసకా తప్ప ఇంకేమీ తెలియదు అని చెబుదామనుకునేసరికి ఆ పిల్ల చెప్పుల చప్పుడు నాలుగు కుర్చీల అవతలికి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరు హూడిలో అందరూ వాళ్ళమ్మతో అనేవాళ్ళు, గుడ్డికంటే మెల్ల నయం కదా నంజమ్మా అని. ఓదార్పుకే అనేవాళ్ళు పాపం, అమ్మ కూడా ఓదార్పుగానే తీసుకునేది, ఆ కంటిని చిన్నతనంలోనే దారిలో పెట్టే వైద్యం ఒకటుంటుందని ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరికి తెలుసు. బతుకంతా లాక్కొచ్చింది ఎడమ కన్నొక్కటే. సోడాబుడ్డి అద్దం వెనక నుంచి అదే సూదిలో దారం ఎక్కించింది, అదే బస్సు నంబర్లు చదివింది, అదే పెళ్ళిపీటల మీద మునీంద్రను ఓరగా చూసింది. ఇప్పుడు పోతున్నది అదే. పోతుందా, ఉంటుందా అనేది ఇంకో గంటలో లోపలున్న డాక్టరు చెబుతుంది, ఆ గంట ఇప్పుడు మొదలైంది.

పొద్దున ముఖం కడుక్కుంటుంటే ఎడమ కంట్లో కింది అంచున నీడ కనబడింది. రెప్పకు సబ్బు అంటుకుందేమో అని కడిగింది, మళ్ళీ కడిగింది, నీడ పోలేదు, తడిసిన గోనెపట్టా అంచులా నల్లగా అక్కడే ఉంది. మునీంద్ర కారు తీసుకుని ఎవరినో ఎయిర్‌పోర్టులో దించడానికి దేవనహళ్ళి వైపు పోయాడు. వచ్చేదాకా ఆగుదామని గుమ్మంలో కాసేపు కూర్చుంది, తర్వాత భయమేసి గోడ పట్టుకుంటూ మెయిన్ రోడ్డు మీది కళ్ళద్దాల షాపుకు నడిచింది. అక్కడ కూర్చునే డాక్టరు ముసలాయన, జోకులు లేనిదే కంట్లో లైటు వెయ్యడు, ఇవాళ జోకు మధ్యలో ఆపేశాడు. కంటి వెనక సన్నటి పొర ఉంటుందమ్మా, చూపంతా అందులోనే, అది నీకు పైభాగంలో చిరిగి ఊడుతోంది, పైన ఊడితే నీడ కింద కనబడుతుంది అన్నాడు. ఊడటం నడిమధ్యకు రాకముందే ఆపరేషన్ చేస్తే చూపు దక్కుతుందట, నడిమి కూడా ఊడిపోతే అతికించినా అక్షరాలూ ముఖాలూ తిరిగి రావడం కష్టమట. ఇంకా నడిమికి రాలేదనుకుంటా, ఇంటికి కూడా పోకు, పెద్దాసుపత్రికి పో అన్నాడు. పో అనడానికి ఆయనదేం పోయింది. సగం కంటితో ఒంటరిగా మెట్రో మెట్లు ఎక్కే ధైర్యం లేక ఆమె మునీంద్ర కోసం కాచుకుంది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ట్రాఫిక్‌లో కాచుకున్నారు. ముందున్న కారు వెనక అద్దం మీద చూపు నిలిపితే మొదట టైర్లు కనబడలేదు, టిన్ ఫ్యాక్టరీ బస్టాపు దగ్గరికొచ్చేసరికి నంబరు ప్లేటు కూడా కనబడలేదు. ఆ మాట మునీంద్రకు చెప్పలేదు, చెబితే హారన్ కొట్టడం తప్ప అతను మాత్రం ఏం చేస్తాడు.

నర్సు చూడకుండా రెప్పలు కొంచెం ఎత్తింది. ఎదుటి కుర్చీలో ఒకావిడ ఉంది, చుక్కల మందుకి ముఖం అలుక్కుపోయింది, అయినా ముఖం ఉంది, ముక్కుపుడక మెరుస్తోంది. ఆ ముక్కుపుడక మీదే చూపు ఉంచి కిందికెంత దాకా కనబడుతుందో చూసుకుంది, పాదాలు లేవు, మోకాళ్ళు లేవు, ఒళ్ళో పెట్టుకున్న సంచి ఉంది. సంచి ఉన్నంతవరకూ పరవాలేదు అనుకుంది. ఇదేం లెక్కో, ఆ సంచి తీసి ఆవిడ పక్కన పెడితే నా గతేం కావాలి అని తన మీద తనకే నవ్వొచ్చింది. మళ్ళీ మూసుకుంది. మూస్తే చీకటి రావాలి కదా, రాలేదు, ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో మళ్ళీ అవే, చిన్నవి, నల్లవి, ఒకటి తోకలాంటి దారంతో, ఇంకొకటి ఉంగరంలా, మిగతావి పొడి చల్లినట్టు. కన్ను పక్కకి తిప్పితే అవీ పక్కకి జారి, ఆగి, మెల్లగా కిందికి దిగుతున్నాయి. ఈగలు. ఇప్పటికీ మనసుకి ఆ మాటే వస్తోంది. ఈగలు కాదని తెలిసి ఇంకా ఒక పూట కూడా కాలేదు, నెల నాళ్ళ అలవాటు పూటలో పోతుందా.

గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమె చెకర్. చొక్కా బల్ల మీదికి రాగానే కాలరు, కఫ్, బొత్తాలు, అంచు, ఎక్కడ దారం లేచింది, ఎక్కడ నూనె మరక పడింది అని వేలు పెట్టి చూపించే పని. రెండు కళ్ళున్నవాళ్ళు వదిలేసినవి కూడా ఆమె పట్టేది, సూపర్‌వైజర్ అశోక్‌కుమార్ కొత్తగా చేరిన పిల్లల్ని ఆమె పక్కన నిలబెట్టి చూసి నేర్చుకోండి అనేవాడు. అతనికి తెలియదు ఒక కన్ను ఉత్తదని. ఫ్యాక్టరీకి ఏటేటా కంటి క్యాంపు వచ్చేది, ముందు వరసలో ఉన్నవాళ్ళు చార్టు మీది అక్షరాలు పైకి చదువుతుంటే విని బట్టీపట్టి, కుడి కంటితో చదవమన్నప్పుడు గడగడా అప్పజెప్పేది. ఫ్యాక్టరీ ఊరవతలికి ఎక్కడికో తరలిపోయింది, రానూపోనూ సగం రోజు పట్టే ఉద్యోగానికి పోలేక ఇంట్లో ఉండిపోయింది. ఏం చేస్తున్నావు అంబికా అంటే ఏం చెప్పాలి, ఖాళీగా ఉన్నవాళ్ళని ఈగలు తోలుకుంటున్నారు అంటారు కదా, ఆమె నిజంగానే ఈగల వెంట పడింది. ఇంటి వెనక వాళ్ళ నాన్న పెద్దమునియప్ప పొలంలో మిగిలిన ముక్క ఒకటుంది, ముక్క అంటే ఏముంది, రెండు వైపులా పీజీ హాస్టళ్ళ గోడలు, మధ్యలో ఒక కాకర పాదు, నిమ్మచెట్టు, కనకాంబరాలు, ఎరువు గుంట. కాకరకాయలు పిందెలోనే పురుగు పట్టి వంకర పోతుంటే ఎవరు చేస్తున్నారీ పని అని ఫోను దగ్గరపెట్టి ఫోటో తీసింది. పెద్దది చేసి చూస్తే పిందె మీద తేనెరంగు ఈగ కూర్చుని ఉంది, రెక్కల అంచున గోధుమరంగు పట్టీ, నడుము మీద పసుపు గీతలు, ఎంత శ్రద్ధగా కుట్టిన పనితనమో. ఇన్నేళ్ళూ తప్పులు పట్టడానికే చూసిన కన్ను మొదటిసారి ఊరికే చూసింది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఫోనుకి బట్టల క్లిప్పులా తగిలించే చిన్న భూతద్దం తెప్పించుకుంది. పొద్దున ఎండ గోడ దిగకముందే తోటలో గొంతుక్కూర్చుని, వేలెడు దూరంలో, ఊపిరి బిగబట్టి తీసేది. నిమ్మాకు మీద పచ్చటి ఇత్తడిలా మెరిసే పొడుగుకాళ్ళ ఈగ, తేనెటీగ వేషం కట్టి జనాన్ని భయపెట్టే ఉత్తుత్తి ఈగ, బాత్రూం గోడ మీద గుండె ఆకారంలో రెక్కలు పరుచుకుని కూర్చునే బూజు ఈగ, ముందుకాళ్ళు రెండూ చేతుల్లా ఊపుతూ ఎవరినో పిలుస్తున్నట్టు నడిచే ఈగ. మనకి వాటికి పేర్లేవీ, ఈగ, దోమ, జోరీగ, పేర్లన్నీ అక్కడితో సరి. ఫోటోలు పెడితే పేర్లు చెప్పే జాగా ఒకటి ఇంటర్నెట్‌లో ఉందని తెలిసి అందులో పెట్టసాగింది. అక్కడ తగిలాడు గిరిధర్ సార్, తుమకూరులో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆమె ఆయన్ని చూసింది లేదు, ఆయన ఆమెను చూసింది లేదు. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. రెక్క నరాలు కనబడటం లేదమ్మా, పక్క నుంచి ఇంకొకటి తియ్యి. మీసం కొస చూడాలి. కళ్ళు రెండూ నెత్తిన కలిశాయా, మధ్యలో సందుందా, కలిస్తే మగది. ఆమె మళ్ళీ తోటలోకి పరిగెత్తేది, మళ్ళీ తీసేది, రెండ్రోజులకి పేరు వచ్చేది, నోరు తిరగని పొడుగాటి పేరు, దాన్ని ఇరవైసార్లు చదువుకునేది. నీ కన్ను మంచి కన్నమ్మా అని ఒకసారి రాశాడు. ఆ ముక్క మునీంద్రకు చదివి వినిపించింది, అతను అన్నం కలుపుతూ, మంచి కన్నే, ఒకటే కాబట్టి అరగకుండా వాడుకో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ మెల్లకంటిని వెక్కిరించిన హక్కుదారు, అతను అనకపోతే ఎవరంటారు.

వానలు పడిన కొత్తలో ఆ ఈగ వచ్చింది. నిమ్మచెట్టు ముందు, మీగడలా తెల్లబడిన మబ్బు వెలుతురులో, నల్లగా, ఆవగింజలో పావు వంతు, ఒకటి కాదు, మూడో నాలుగో, ఎక్కడా వాలవు, గాల్లో తేలుతూ నిదానంగా దిగుతాయి. ఫోను ఎత్తింది, తీసింది, చూస్తే ఉత్త ఆకు. మళ్ళీ తీసింది, ఉత్త ఆకు. ఇంత నిదానంగా తేలేది ఫోటోకి మాత్రం ఎలా తప్పించుకుంటోందబ్బా అని పట్టుదల పెరిగింది. గిరిధర్ సార్‌కి రాసింది, ఆయనకీ ఉత్సాహం వచ్చింది. గుంపుగా తిరుగుతాయా, నీడలోనా ఎండలోనా, చెయ్యి ఊపితే చెదురుతాయా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. చెదరవు సార్, చెయ్యి ఊపినా వాటి దారి వాటిదే, నేను చూపు తిప్పితే మాత్రం తప్పుకుంటాయి, అంత తెలివి. ఇదేదో నుసుముల జాతి అయ్యుండాలి, కళ్ళ చుట్టూ ముసిరే రకాలుంటాయి, కుళ్ళిన ఆకుల్లో పుట్టేవి కూడా కావచ్చు, ఎరువు గుంట ఉందన్నావు కదా అని ఆయన నాలుగైదు పేర్లు రాశాడు. తెల్లగుడ్డ వెనక కట్టి చూడమ్మా, నల్లవి తెల్లటి దాని మీద బాగా దొరుకుతాయి అన్నాడు. మునీంద్ర పంచె తీసి రెండు దండేల మధ్య బిగించి కట్టింది. నిజమే, తెల్లటి పంచె మీద అవి ఎంత స్పష్టంగా కనబడ్డాయో, ఇంకా ఎక్కువగా కనబడ్డాయి, ఒకదానికి తోక ఉందని, ఒకటి ఉంగరంలా చుట్టుకుందని ఆ రోజే తెలిసింది. పంచెను ఎన్ని ఫోటోలు తీసిందో, ఎటు చూసినా ఆ ఫోనులో పంచే. గిరిధర్ సార్ అవి చూసి, నాకు కనబడటం లేదు, ఓ మూల ఉండే ఉంటాయి, చెరపకు, తీరిగ్గా పెద్దది చేసి వెతుకుదాం అని రాశాడు. చదువుకున్న మనిషి ఒకడు, చదువుకోని మనిషి ఒకతె, ఇద్దరూ కూర్చుని ఆమె కంటి లోపలి చిరుగుకి ఇంటిపేరు, వంశం, గోత్రం వెతికారు.

తెలియలేదా అంటే, తెలిసింది. ఒక మధ్యాహ్నం తలుపులన్నీ మూసిన గదిలో, సున్నం వేసిన గోడ మీద అదే తోక ఈగ దిగుతూ కనబడింది. లోపలికెలా వచ్చిందే అనుకుంది, కిటికీ జాలీ చూసింది, జాలీ బాగానే ఉంది. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తే అక్కడా ఉంది. చూపు ఎటు పోతే అటు వచ్చే ఈగ ఎక్కడుంటుందో చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఒక కన్ను మూసి ఒక కంటితో చూస్తే ఏ కంటిదో తేలిపోతుందని ఇవాళ షాపు డాక్టరు అన్నాడు, అది రెండు కళ్ళున్నవాళ్ళ ఉపాయం. ఎడమ కన్ను మూస్తే ఆమెకు ఈగా పోతుంది, గోడా పోతుంది, లోకమే పోతుంది, ఏం తేలుతుంది. గుడ్డి కన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత. కంటి కొసన మెరుపులు కూడా వచ్చాయి, పక్కనెవరో ఫోటో తీసినట్టు తళుక్కున, తల తిప్పితే ఎవరూ లేరు. అలసట అనుకుంది. అనుకోవడానికి కష్టపడింది, రోజూ కొంచెం ఎక్కువ కష్టపడింది. ఎందుకంటే అవి ఈగలు కాకపోతే కన్ను, కన్నయితే ఉన్న ఒక్కటీ, ఆ ఒక్కటీ అనుకోగానే లేచి ఫోను పట్టుకుని తోటలోకి పోయేది, ఈగేలే, ఇవాళ దొరుకుతుందిలే. బావా, ఇదో ఇక్కడ, కనబడలేదా, ఇదో అని గాల్లోకి వేలు పెట్టి చూపిస్తే మునీంద్ర కళ్ళు చికిలించి చూసి, నీకే కనబడే ఈగ, నీకే పుణ్యం అని నవ్వి డ్యూటీకి పోయేవాడు. భయపడటానికి ఒక్కరైనా తోడుంటే ఆ రోజే ఆసుపత్రికి పోయుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఇంతకంటే వేరే ఉండదు.

మళ్ళీ చుక్కలు. చల్లగా, మంటగా. నర్సు ఈసారి గడ్డం పట్టుకుని పైకెత్తింది, ఆమె పైకప్పు లైటు చూసింది, లైటు చుట్టూ పొగలా వలయం. నర్సు జరగగానే ఎదుటావిడను వెతుక్కుంది. ముక్కుపుడక దొరకలేదు. మందుకు అలుక్కుపోయిందిలే అని సర్దిచెప్పుకుంది. సంచి? సంచి లేదు. ఆవిడ లేచి పోయిందేమో, లేదు, భుజాలున్నాయి, కొప్పుందేమో, నల్లగా ఏదో ఉంది. నీడ ఎక్కడి దాకా వచ్చింది, మెడ దాకానా, గడ్డం దాకానా, నడిమధ్య అంటే ఎక్కడ, చూసే చోటే నడిమధ్య, చూసే చోటు నలిగిపోయిన కాగితంలా అలలుగా ఉంది. మందు వల్ల. మందు వల్లే. దేవుడా, మందు వల్ల అని చెప్పు. షాపు డాక్టరు ఇంకొకటి కూడా అన్నాడు, అప్పుడు సరిగా వినలేదు గానీ ఇప్పుడు మాట మాటా గుర్తొస్తోంది. నిన్నా మొన్నా చిరిగిందయితే పొర మెత్తగా ఉంటుంది, పరిస్తే పరుచుకుంటుంది, వారాలు గడిచిందయితే ముడతలు పడి బిగుసుకుంటుంది, అప్పుడు ఎంత చేసినా కష్టం. నల్లచుక్కలు, ఈగల్లాగా, ఎగురుతూ, ఎప్పటి నుంచి కనబడుతున్నాయి అని అడిగాడు. ఈగల్లాగా. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు కుర్చీ చేతులు పట్టుకుంది. నిన్నటి నుంచి అని చెప్పింది. సిగ్గుతో చెప్పింది, భయంతో చెప్పింది, అలా చెబితే అలాగే అవుతుందేమో అని చెప్పింది. ఇక్కడా అదే చెప్పాలి. కానీ అబద్ధమే ఎందుకవ్వాలి? వానాకాలం, ఎరువు గుంట, తోటనిండా నుసుములు, కొన్ని నిజంగా ఈగలే అయ్యుండొచ్చు కదా, నెల నాళ్ళవి ఈగలు, నిన్నటివి మాత్రం కన్ను. అలా ఎందుకు కాకూడదు. పంచె ఫోటోలున్నాయి. వాటిలో ఏ మూలైనా ఒక్క ఈగ ఉంటే చాలు, అప్పుడు చిరిగింది నిన్ననే, అప్పుడు పొర మెత్తగానే ఉంటుంది. ఫోను తీసి ముఖం దగ్గర పెట్టుకుంది. తెల్లటి వెలుగు తప్ప ఇంకేమీ లేదు.

పక్క కుర్చీ కిర్రుమంది, డీజిలూ చెమటా కలిసిన వాసన, మునీంద్ర. ఫైలు చేయించానని, ఇంకో ఇద్దరి తర్వాత మనమేనని చెప్పాడు. ఏమైనా తాగుతావా అని అడిగాడు. ఆమె ఫోను అతని చేతిలో పెట్టింది.

"నీ పంచె ఫోటోలుండాయి బావా, నెల నించి తీసినవి. పెద్దవి చేసి చూడు. అందులో ఈగ ఉండాదా లేదా చెప్పు."

ఇప్పుడెందుకవి అని అతను అడుగుతాడనుకుంది, అడగలేదు. అతని వేలు అద్దం మీద జరుగుతున్న చప్పుడు వినబడిందో, వినబడినట్టు అనిపించిందో. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో అతను ఆమె ఫోటోలు ఇంతసేపు చూసింది లేదు, ఈగల్ని చూపిస్తే పెరుగన్నంలో పడినట్టు ముఖం పెట్టేవాడు. ఎక్కడో టోకెన్ నంబరు పిలిచారు, ఎవరో దగ్గారు, అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, ఉండాలి, ఒక్కటుండాలి, ఒక్కటి చాలు అనుకుంటోంది, అమ్మనీ తలుచుకుంది, ఊరి మునీశ్వరుడినీ తలుచుకుంది, చెయ్యి ఊపుతూ నడిచే ఈగని కూడా తలుచుకుంది.

"ఉండాది," అన్నాడు మునీంద్ర.

"నిజంగానా?"

"ఉండాదిలే. సన్నది, నల్లగా. శానా వాటిల్లో ఉండాది. నువ్వు బేజారు చేసుకోవద్దు."

నెత్తిన పాలు పోసినట్టయింది. కళ్ళలో నీళ్ళు వచ్చి మందుతో కలిసి చెంప మీదికి జారాయి, దూదితో అద్దుకుంది, నలపలేదు, నలపకూడదు, ఇప్పుడు ఈ కన్ను జాగ్రత్తగా చూసుకోవాలి. అయితే నేను పిచ్చిదాన్ని కాదు. అయితే ఆలస్యం చెయ్యలేదు. నిన్ననే చిరిగింది, ఇవాళే వచ్చాను, రేపో మాపో అతికిస్తారు. గిరిధర్ సార్‌కి చెప్పాలి, దొరికింది సార్, మా బావకి దొరికింది, మీకూ నాకూ దొరకనిది ఆయన వెతికి పట్టాడు. పేరు తేలేదాకా చెరపకూడదు. కాకర పాదుకి కొత్త పందిరి వెయ్యాలి, వానలు తగ్గాక మళ్ళీ తెల్లగుడ్డ కట్టాలి, ఈసారి పంచె వద్దు, పాత దుప్పటి కడదాం. ఎన్ని రోజులైందో మనసు ఇలా ముందుకి పరిగెత్తి. మునీంద్ర చెయ్యి ఆమె మణికట్టు మీద ఉంది, గట్టిగా ఉంది, అవసరమైనదానికంటే గట్టిగా ఉంది. ఆమె పేరు పిలిచారు. నడుస్తుంటే నేల లేదు, తన పాదాలు లేవు, అతను ఎటు లాగితే అటు అడుగు వేసింది.

డాక్టరు పేరు రంజిత అని మునీంద్ర దారిలో చెప్పాడు, కర్నూలు వైపు తెలుగావిడట, అది కూడా మంచి శకునమే అనుకుంది అంబిక. గడ్డం ఒక గిన్నెలాంటి దానిలో ఆనించమంది, నుదురు పట్టీకి పెట్టమంది. లైటు లోపలికి దూరింది, అది వెలుగు కాదు, నొప్పి. పైకి చూడండి, కిందికి, ముక్కు వైపు, మళ్ళీ పైకి. తర్వాత పడుకోబెట్టి, నెత్తికి లైటు కట్టుకుని, రెప్ప పక్కన ఏదో మొద్దుపుల్లతో నొక్కుతూ చూసింది. పక్కనున్న జూనియర్‌కి ఇంగ్లీషులో ఏవో ముక్కలు చెప్పింది, అందులో ఒక మాట రెండుసార్లు వచ్చింది, ఆ మాటకి అర్థం అంబికకు తెలియదు, కానీ రెండోసారి గొంతు తగ్గించి చెప్పింది. ఆ తగ్గించడం అర్థమైంది.

"ఈ నల్లచుక్కలు ఎప్పట్నుంచి కనిపిస్తున్నాయండీ మీకు?"

నిన్నటి నుంచి అని చెప్పింది అంబిక. దానికి ముందువి వేరే అని, అవి తోటలో ఈగలని, ఫోటోలు కూడా ఉన్నాయని, మా ఇంటాయన ఇప్పుడే చూశాడని గబగబా చెప్పుకుపోయింది. మునీంద్ర ముందుకొచ్చిన అలికిడి అయింది, అతని చెప్పు మంచం కాలికి తగిలింది.

"లేదు డాక్టర్. ఫోటోల్లో ఈగ లేదు. అన్నీ చూస్తిని, ఒగదాంట్లోనూ లేదు, ఉత్త పంచె ఉండాది. నెల దాటినాది డాక్టర్. రోజూ గాల్లోకి వేలు పెట్టి నాకు చూపిస్తా ఉండె. నేనే నవ్వి పోతా ఉంటిని."

డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని, అంబిక చెయ్యి పట్టుకుని, నిదానంగా, దాచకుండా చెప్పింది. చిరిగింది నిన్న కాదు, నెల కిందటే చిరిగి మెల్లమెల్లగా ఊడుతూ వచ్చింది, పొర ముడతలు పడింది, నడిమధ్య కూడా లేచిపోయింది. రేపు పొద్దునే ఆపరేషన్ చేస్తాం, పూర్తి చీకటి కాకుండా చూస్తాం, ఇంట్లో గోడలూ తలుపులూ తెలుసుకుని తిరిగేంత మిగులుతుందని ఆశ. చదవడం, సన్నటి వస్తువులు, మనుషుల ముఖాలు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దమ్మా, పెట్టుకోండని నేను చెబితే అది అన్యాయం. అంబిక తల ఊపింది. వింటున్నంతసేపూ ఊపుతూనే ఉంది, ఎవరో పక్కవాళ్ళ సంగతి వింటున్నట్టు ఊపింది, ఒక దగ్గర అది ఆగిపోయింది. ఏడుపు రాలేదు. లోపలంతా ఊడ్చేసిన గదిలా ఉంది, కోపం కోసం వెతికింది, మునీంద్ర మీద, ముసలి డాక్టరు మీద, తుమకూరు సార్ మీద, దొరకలేదు, తన మీద కూడా దొరకలేదు, భయం ఒక్కటే గట్టిగా, గోడలా నిలబడి ఉంది.

బయటికి తీసుకొచ్చి మళ్ళీ అదే వరసలో ఏదో కుర్చీలో కూర్చోబెట్టాడు మునీంద్ర. పేపర్లు ఎక్కడెక్కడ ఇవ్వాలో చెప్పాడు, వాళ్ళ అక్కకి ఫోను చేస్తానన్నాడు, చెయ్యలేదు, పక్కనే కూర్చుండిపోయాడు. ఆమె అతని వైపు తిరిగింది. కుడి కంటికి ఒక మనిషి ఆకారం, ఎవరైనా కావచ్చు. ఎడమ కంటికి అతని జుట్టు పై అంచు, వెనక గోడ, గోడ మీద ట్యూబులైటు, వాటి కింద బూడిద రంగు, ముఖం ఉండాల్సిన చోటంతా బూడిద రంగు. చెయ్యి చాచి ముఖం తడిమి చూద్దామనుకుంది, ఇంతమంది ఉన్నారు, చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఏడుస్తా ఉండావా బావా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు.

గొంతు మామూలుగానే ఉంది. ఇందాక ఉండాది అన్నప్పుడు కూడా మామూలుగానే ఉంది. ఆమె ఇంకాసేపు అటే తిరిగి కూర్చుంది, తర్వాత సరేలే అంది.